సాంఘిక శాస్త్ర పాఠానికి పనికొచ్చే ఆన్‌లైన్ సామగ్రిని ఎలా వెతకాలి?

ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించేవారు గూగుల్‌లో ఏదైనా పాఠం పేరు రాసి వెతికితే వీడియోలు, నోట్సులు, బిట్ బ్యాంకులు కుప్పలుగా వచ్చి పడతాయి. వాటిలో ఎక్కువ భాగం పాఠ్యపుస్తకంలోని వాక్యాలనే మరొక గొంతుతో చదివి వినిపించేవి. పుస్తకం పిల్లల చేతిలోనే ఉన్నప్పుడు అటువంటి సామగ్రి వల్ల తరగతికి కొత్తగా వచ్చేది ఏమీ లేదు. ఏ విషయాన్నయినా మొదట లెక్కపెట్టినవారు, కొలిచినవారు, రాసినవారు, భద్రపరచినవారు ఎవరో తెలుసుకుని నేరుగా వారి దగ్గరికే వెళ్లాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ప్రధాన విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలల్లో 8, 9, 10 తరగతులకు బోధించేవారిని దృష్టిలో పెట్టుకుని ఆ దారిని వరుసగా వివరిస్తాను.

ముందు పాఠంలో లోటును గుర్తించండి

కంప్యూటర్ తెరవడానికి ముందు పాఠాన్ని ఒకసారి పూర్తిగా చదివి, పుస్తకం ఒక్కటే చేయలేని పని ఏమిటో ఒకే వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకు రుతుపవనాల పాఠంలో గాలులు దిశ మార్చుకుంటాయని పుస్తకం చెబుతుంది, బాణం గుర్తులతో బొమ్మ కూడా వేస్తుంది. కాని అవి కదలడాన్ని చూపలేదు. అభివృద్ధి పాఠంలో హర్యానా, కేరళ, బీహార్ అంకెలు ఉంటాయి. మీ జిల్లా అంకెలు ఉండవు. జాతీయోద్యమం పాఠంలో గాంధీజీ వైస్రాయికి లేఖ రాశారని ఉంటుంది. ఆ లేఖ మొత్తం ఉండదు. ఈ మూడింటికీ కావలసిన సామగ్రి వేరు, అది దొరికే చోటు కూడా వేరు. లోటు ఏమిటో తేలకుండా వెతకడం మొదలుపెడితే ఒక సాయంత్రమంతా గడిచిపోతుంది గాని పాఠానికి పనికొచ్చే వస్తువు ఒక్కటీ చేతికి రాదు.

పాఠ్యపుస్తకాన్ని, దీక్షను సరిచూసుకోండి

రెండవ పని, మీ రాష్ట్రంలో ఈ సంవత్సరం అమలులో ఉన్న పుస్తకాన్నే ఆధారంగా పెట్టుకోవడం. ఆంధ్రప్రదేశ్ ఉన్నత తరగతుల్లో ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) పాఠాలను తీసుకుంది. తెలంగాణలో ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర స్థాయి మండలి) రూపొందించిన పుస్తకాలు నడుస్తున్నాయి. యూట్యూబ్‌లో తెలుగులో ఉన్న వీడియోలలో ఉమ్మడి రాష్ట్రం నాటి పుస్తకాన్ని అనుసరించి చేసినవి ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. పాఠం పేరు కలిసినంత మాత్రాన విషయం కలుస్తుందని అనుకోకుండా, వీడియో కింద ఉన్న తేదీని, అందులో చూపించిన పుస్తకాన్ని గమనించండి. పుస్తకాల పీడీఎఫ్‌లు రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీల వెబ్‌సైట్లలోను, ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులోను ఉచితంగా దొరుకుతాయి.

పుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష, అంటే కేంద్ర ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక, 2017 సెప్టెంబరులో మొదలైంది. కోడ్ ముద్రణ చెడిపోయి స్కాన్ కాకపోతే, దాని కింద ఉన్న ఆరు అక్షరాల సంకేతాన్ని యాప్‌లో టైపు చేసినా సరిపోతుంది. దీక్షలోని పాఠాలను ముందే ఫోనులోకి దించుకుని, నెట్ లేని గదిలోనూ చూపవచ్చు. నాణ్యత మాత్రం పాఠానికీ పాఠానికీ మారుతుంది కాబట్టి, పూర్తిగా చూడకుండా ఏదీ తరగతిలో పెట్టకండి. తెలంగాణవారికి రాష్ట్ర ప్రభుత్వ విద్యా ప్రసారాలైన టీశాట్ నిపుణ, విద్య చానళ్ల పాఠాలు యూట్యూబ్‌లో కూడా ఉన్నాయి.

అంకెల కోసం లెక్కపెట్టినవారి దగ్గరికి వెళ్లండి

జనాభా, అక్షరాస్యత, ఉపాధి వంటి పాఠాలకు మొదటి చిరునామా భారత జనగణన వెబ్‌సైటు. 2021లో జరగవలసిన జనగణన జరగకపోవడం వల్ల, 2027 జనగణన ఫలితాలు వచ్చేదాకా 2011 లెక్కలే మనకు ఆధారం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. భారతదేశ అక్షరాస్యత ఒక చోట 74.04 శాతమని, మరొక చోట 73 శాతమని కనిపిస్తుంది. లింగ నిష్పత్తి, అంటే వెయ్యి మంది పురుషులకు స్త్రీల సంఖ్య, ఒక చోట 940, మరొక చోట 943. ఏది తప్పని పిల్లలు అడుగుతారు. 2011 మార్చి 31న విడుదలైనవి తాత్కాలిక లెక్కలు. వాటిలో అక్షరాస్యత 74.04 శాతం, లింగ నిష్పత్తి 940. వాటిని సరిచూసి 2013లో ఇచ్చిన తుది లెక్కలలో అక్షరాస్యత సుమారు 73 శాతం, లింగ నిష్పత్తి 943. చాలా పుస్తకాలు, పోటీ పరీక్షల నోట్సులు తాత్కాలిక అంకెల దగ్గరే ఆగిపోయాయి. ఈ తేడాను దాచవలసిన పని లేదు. రెండు పట్టికలనూ పక్కపక్కన తెర మీద చూపిస్తే, అధికారిక అంకె కూడా ఒక తేదీతో, ఒక దశతో ముడిపడి ఉంటుందని పదవ తరగతి విద్యార్థి సులువుగా గ్రహిస్తాడు. పరీక్షలో మాత్రం వారి పాఠ్యపుస్తకంలో ఉన్న అంకెనే రాయాలని స్పష్టంగా చెప్పండి.

జనగణన వెబ్‌సైటులో అన్నిటికంటే విలువైనవి డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్కులని నా అభిప్రాయం. ఒక్కో జిల్లాకు రెండు భాగాలు ఉంటాయి. మొదటి దానిలో ప్రతి గ్రామంలో బడి, మంచినీరు, రోడ్డు, వైద్యం వంటి వసతుల వివరాలు, రెండవ దానిలో గ్రామాల వారీగా జనాభా, అక్షరాస్యులు, పనివారి లెక్కలు ఉంటాయి. మీ పాఠశాలకు పిల్లలు వచ్చే నాలుగైదు గ్రామాల వరుసలను తీసి ఒక చిన్న పట్టికగా రాసి ఇస్తే, అక్షరాస్యత శాతాన్ని వారే లెక్కకట్టగలరు. ఏడేళ్ల లోపు పిల్లలను తీసివేసి మిగిలిన జనాభా మీదనే శాతం కట్టాలన్న నియమాన్ని కూడా అప్పుడే నేర్పవచ్చు.

వెతికేటప్పుడు 2011 నాటి జిల్లా పేరునే వాడాలని గుర్తుంచుకోండి. తెలంగాణలో 2016 అక్టోబరులో, ఆ తరువాత 2019లో కొత్త జిల్లాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అందువల్ల వనపర్తి గ్రామాల వివరాలు మహబూబ్‌నగర్ పుస్తకంలోనే దొరుకుతాయి. జిల్లా పుస్తకంలోని పొడవాటి పట్టికలు తెరవడం కష్టమనిపిస్తే, తెలుగు వికీపీడియాలోని గ్రామ వ్యాసాలలో ఇవే 2011 వివరాలను తెలుగులో పొందుపరిచారు. వాటిని దారి చూపేవిగా వాడుకుని, చివరి అంకెను మూలంతో పోల్చుకోండి.

ఆరోగ్యం, పోషణ, బాల్యవివాహాలకు సంబంధించి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా ఫ్యాక్ట్ షీట్లు ఉన్నాయి. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ 2019–21 కాలానికి ఈ సర్వేను నిర్వహించింది. కొద్ది పేజీలలోనే జిల్లా పరిస్థితి తెలుస్తుంది. అయితే 18 ఏళ్లలోపు పెళ్లయిన స్త్రీల శాతం, రక్తహీనత వంటి అంకెలను చూపేటప్పుడు, ఆ అంకెల వెనుక ఉన్న ఇళ్ల పిల్లలు మీ ముందే కూర్చుని ఉండవచ్చు. ఎవరి ఇంటి సంగతీ అడగకుండా, జిల్లా స్థాయిలోనే చర్చను నిలపండి.

దేశాల మధ్య పోలికకు గ్యాప్‌మైండర్, అవర్ వరల్డ్ ఇన్ డేటా అనే వెబ్‌సైట్లు బాగా పనిచేస్తాయి. డబ్బు, పరపతి పాఠానికి రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులో నోట్ల గురించి ఉన్న భాగం, ఆర్థిక అక్షరాస్యత పుస్తకాలు చాలు.

పటాలు: చూపించే ముందు రెండు విషయాలు సరిచూడండి

గూగుల్ చిత్రాలలో దొరికిన భారతదేశ పటాన్ని అలాగే తెర మీద పెట్టడం మంచిది కాదు. మొదట సరిహద్దులను చూడండి. విదేశీ వెబ్‌సైట్లలోని అనేక పటాలు జమ్మూ కశ్మీర్, లడఖ్, అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులను భారత ప్రభుత్వం గుర్తించిన విధంగా చూపవు. సర్వే ఆఫ్ ఇండియా విడుదల చేసే పటమే మనకు ప్రమాణం. 1767లో మొదలైన ఈ సంస్థ వెబ్‌సైటు నుంచి రాజకీయ పటాన్ని ఉచితంగా దించుకోవచ్చు. తరువాత పటం వయసును చూడండి. తెలంగాణ విడిగా ఉంటే అది 2014 జూన్ 2 తరువాతిది. లడఖ్ విడిగా ఉంటే 2019 అక్టోబరు 31 తరువాతిది. దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా ఉంటే 2020 జనవరి 26 తరువాతిది. ఈ మూడు గుర్తులతో పటం వయసు కనిపెట్టే పనిని పిల్లలకే అప్పగిస్తే, అదే ఒక పీరియడుకు సరిపడే కృత్యం అవుతుంది.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలులో స్థలాకృతి పటాలను కూడా ఉచితంగా ఇస్తోంది. పేరు నమోదు చేసుకుని మీ మండలం ఉన్న షీటును దించుకోవచ్చు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలు, చెరువులు, కాలువలు, కాలిబాటల గుర్తులు పరిచయమున్న ఊరి మీద చూసినప్పుడు పిల్లలకు పట్టుబడినట్లు, పుస్తకంలోని ఊహాచిత్రం మీద పట్టుబడవు. ఉపగ్రహ చిత్రాలకు ఇస్రో వారి భువన్ ఉంది. 2009లో మొదలైన ఈ వేదికను హైదరాబాదు బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ నడుపుతోంది. భూ వినియోగం పాఠానికి అందులోని జిల్లా స్థాయి పొరలు నేరుగా ఉపయోగపడతాయి.

కాలంతో వచ్చిన మార్పును చూపాలంటే గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌ను మించినది నాకు కనబడలేదు. అందులో 1984 నుంచి వచ్చిన ఉపగ్రహ చిత్రాలు సంవత్సరం వెంట సంవత్సరం కదులుతాయి. కొల్లేరు దగ్గర ఆపి చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఆ సరస్సులో చేపల చెరువుల గళ్లు ఏడాదికేడాది ఎలా పెరుగుతూ వచ్చాయో స్పష్టంగా కనిపిస్తుంది. సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో ఐదవ కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి చెరువు గట్లను తొలగించారు. ఈ మూడు సంవత్సరాలను బోర్డు మీద రాసి, ఆయా చిత్రాల దగ్గర ఆపి, ఏమి మారింది, ఏమి మారలేదు అని మాత్రం అడగండి. చెరువుల మీద బతికే కుటుంబాలు, సరస్సు మీద ఆధారపడే పక్షులు, వరద నీటికి దారి అనే మూడు వైపుల నుంచీ జవాబులు వాటంతట అవే వస్తాయి. మీ పాఠశాల హైదరాబాదు చుట్టుపక్కల ఉంటే, నగర విస్తరణను ఇదే పద్ధతిలో చూపవచ్చు.

రుతుపవనాలకు ఎర్త్ నల్‌స్కూల్ అనే వెబ్‌సైటును వాడండి. ఇది భూగోళం మీద గాలుల కదలికను గీతలుగా చూపుతుంది. వెనుకటి తేదీలను కూడా ఎంచుకోవచ్చు. ముందు జులైలో ఒక తేదీ పెట్టి, ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర భూమధ్యరేఖను దాటిన గాలి కుడివైపుకు తిరిగి అరేబియా సముద్రం మీదుగా నైరుతి దిక్కు నుంచి మన తీరాన్ని చేరడం చూపించండి. తరువాత తేదీని జనవరికి మార్చండి. గాలి ఈశాన్యం నుంచి వీస్తుంటుంది. ఈ రెండు దృశ్యాలకు ఐదు నిమిషాలు చాలు. ఆ తరువాత పుస్తకంలోని బాణం గుర్తుల బొమ్మను పిల్లలు తమంతట తామే చదవగలుగుతారు.

చరిత్రకు మూల పత్రాన్ని చిన్న ముక్కగా తీసుకోండి

సబర్మతీ ఆశ్రమం నిర్వహించే గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో గాంధీజీ రచనల 100 సంపుటాలు తేదీల వరుసలో ఉన్నాయి. ఉప్పు సత్యాగ్రహం చెప్పేటప్పుడు, 1930 మార్చి 2న ఆయన వైస్రాయి ఇర్విన్‌కు రాసిన లేఖను అందులో తెరవండి. లేఖ మొత్తం అవసరం లేదు. వైస్రాయి జీతం నెలకు 21,000 రూపాయలని, అంటే రోజుకు 700 రూపాయలకు పైగా అని, సగటు భారతీయుని ఆదాయం రోజుకు రెండు అణాల లోపేనని, అందువల్ల వైస్రాయి అందుకునేది సగటు ఆదాయానికి 5,000 రెట్లకు పైగా ఉందని ఆయన లెక్క చూపిన పేరా ఒక్కటి చాలు. రూపాయికి పదహారు అణాలని చెప్పి ఆ లెక్కను పిల్లల చేతనే చేయించండి. తరువాత, ఉప్పు మీద పన్నుకు వ్యతిరేకంగా నడక మొదలుపెట్టబోతున్న మనిషి వైస్రాయి జీతం సంగతి ఎందుకు ఎత్తాడో అడగండి. మార్చి 12న మొదలైన దండి యాత్రకు కారణాలన్నీ ఆ చర్చలోనే బయటికి వస్తాయి. లేఖ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, ఆ పేరాను మీరే తెలుగులో రాసి, మూలం పక్కన పెట్టి ఇవ్వండి.

మన్యం తిరుగుబాటుకు ఇదే రీతిలో పటాన్ని వాడవచ్చు. అల్లూరి సీతారామరాజు బృందం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడి చేసింది. ఆ మూడు ఊళ్లను స్థలాకృతి పటం మీద గుర్తించి, మధ్యనున్న కొండలను, దూరాన్ని కొలిపిస్తే, మూడు రోజుల్లో మూడు దాడులు అన్న వాక్యం బరువు ఎంతో పిల్లలకు అర్థమవుతుంది.

పాత పుస్తకాలకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్, ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ప్రభుత్వ దస్తావేజులకు జాతీయ అభిలేఖాగారం వారి అభిలేఖ్ పటల్ ఉన్నాయి. పరిశోధనకు ఇవి గనులే. ఒక పీరియడు పాఠానికి మాత్రం, మీకు పత్రం పేరు, తేదీ ముందే తెలిస్తే తప్ప, వాటిలో దిగకండి.

రాజ్యాంగానికి చర్చలే మూలం

రాజ్యాంగ సభ చర్చల పూర్తి పాఠం లోక్‌సభ వెబ్‌సైటులో ఉంది. బెంగళూరులోని సెంటర్ ఫర్ లా అండ్ పాలసీ రీసెర్చ్ నడిపే కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో తేదీని బట్టి, సభ్యుల పేరును బట్టి, అధికరణాన్ని బట్టి వెతకడం ఇంకా సులువు. 1949 నవంబరు 25న అంబేడ్కర్ చేసిన ప్రసంగంలో, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉన్న వైరుధ్యంలోకి 1950 జనవరి 26న మనం అడుగుపెడుతున్నామన్న భాగాన్ని ఏ తరగతికైనా చదివి వినిపించవచ్చు. తెలుగు పిల్లలకు రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయిని తప్పక పరిచయం చేయండి. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 కాదు, 30 చాలని ఆమె సభలో వాదించారు. నేటి రాజ్యాంగంలో ఉన్నది 30 ఏళ్లే. పిల్లలను రెండు వర్గాలుగా చేసి ముందు ఆ ప్రశ్నను చర్చింపజేసి, ఆ తరువాత ఆమె మాటలను చూపితే బాగుంటుంది.

వెతికే పద్ధతి

పైన చెప్పిన చోట్లలో లేనిదాని కోసం గూగుల్‌ను ఆశ్రయించినప్పుడు రెండు మెళకువలు పాటించండి. వెతికే మాట తరువాత ఇంగ్లీషు అక్షరాలలో సైట్ అని రాసి, ఖాళీ వదలకుండా కోలన్ పెట్టి, జీఓవీ డాట్ ఇన్ అని చేర్చితే ప్రభుత్వ వెబ్‌సైట్లలోని ఫలితాలే వస్తాయి. అలాగే ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని చేర్చితే పత్రాలే వస్తాయి.

తెలుగులో వెతికి ఏమీ దొరకనంత మాత్రాన అది లేదని నిర్ణయించకండి. పాత తెలుగు పీడీఎఫ్‌లలో చాలా భాగం, కంప్యూటర్లన్నీ ఒకే రకంగా చదివే యూనికోడ్‌లో కాక, ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలో తయారయ్యాయి. కంటికి అవి చక్కని తెలుగుగానే కనిపించినా, కంప్యూటర్‌కు అర్థం లేని గుర్తులు మాత్రమే. వాటి నుంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరే చోట పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. అటువంటి పత్రాలను లోపలి మాటలతో గూగుల్ పట్టుకోలేదు. అందువల్ల ఇంగ్లీషు శీర్షికతో గాని, ప్రచురించిన సంస్థ పేరుతో గాని వెతకండి.

వాట్సాప్ గ్రూపులలో వచ్చిన ఫోటోలను, అంకెలను వాడాలనుకుంటే ముందు మూలం అడగండి. ఫోటో అయితే, బొమ్మతోనే వెతికే గూగుల్ లెన్స్‌లో పెట్టి, అది మొదట ఎక్కడ, ఏ పేరుతో కనిపించిందో చూడండి. సంస్థ పేరు, సంవత్సరం లేని అంకెను తరగతిలో చెప్పకపోవడమే మంచిది.

దాచుకోవడం, పంచుకోవడం

పాఠశాలలో నెట్ ఉంటుందన్న నమ్మకంతో వెళ్లకండి. టైమ్‌లాప్స్, గాలుల పటం వంటి కదిలే దృశ్యాలను ఇంటి దగ్గరే స్క్రీన్ రికార్డింగ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ప్రతి ఫైలు పేరులో తరగతి, పాఠం, మూలం, దించుకున్న తేదీ ఉండాలి; వచ్చే ఏడాది మీకే కాదు, మీ స్థానంలోకి బదిలీ మీద వచ్చేవారికి కూడా అవి పనికొస్తాయి.

బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు, విద్యార్థి రచనల ప్రతులు తీసుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఆ వీలు తరగతి వరకే. ఇతరుల బొమ్మలతో, పటాలతో చేసిన పాఠాన్ని మీ యూట్యూబ్ చానల్‌లో పెట్టాలంటే వికీమీడియా కామన్స్ వంటి చోట్ల స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్న చిత్రాలనే వాడి, తీసినవారి పేరును, లైసెన్సును వీడియో కింద రాయండి.

ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాలు తరచుగా మారిపోతుంటాయి. దాచుకున్న లింకు తెరుచుకోకపోతే, పాత చిరునామాను, వెబ్ పేజీల పాత రూపాలను దాచే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి వెనుకటి తేదీని ఎంచుకోండి. ఆ పేజీ, చాలాసార్లు అందులోని పీడీఎఫ్ కూడా, అక్కడ దొరుకుతుంది.